నగర గగనంలో గద్ద, రాబందు: అమీర్‌పేట, పంజాగుట్ట దారుల్లో గుర్తింపు పద్ధతి

వ్యాససంగ్రహం

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల ఆకాశంలో నిత్యం తిరిగే పెద్ద పక్షిని రాబందు అనుకొనేవారున్నారు. అది దాదాపు ఎప్పుడూ నల్ల గద్దే. ఈ రెండింటి భేదాన్ని ప్రయాణంలో ఎలా గుర్తించాలో, ఆ భేదం పరిశోధకునికి ఎందుకు ముఖ్యమో వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: రాబందు, గద్ద, జటాయువు, డైక్లోఫెనాక్, మౌఖిక సాక్ష్యం

1. ఉపోద్ఘాతం

అమీర్‌పేట మెట్రో స్టేషన్ రెండు మార్గాల కూడలి. అక్కడి నుండి ఎల్.బి.నగర్ వైపు వెళ్ళేటప్పుడు తరువాతి స్టేషన్ పంజాగుట్ట. రైలు మార్గం ఎత్తున ఉండటం వల్ల, నేల మీద నుండి నీడలా మాత్రమే కనిపించే పక్షి ఇక్కడ కంటికి ఎదురుగా వస్తుంది. అయితే చూపుకు దొరికేది కొన్ని క్షణాలే. వెలుగుకు అడ్డంగా ఎగిరే ఏ పక్షి అయినా నల్లగానే తోస్తుంది. కాబట్టి రంగు కంటే ముందు ఆకారాన్ని గమనించాలి.

2. పేర్లలోని చిక్కు

వాల్మీకి రామాయణంలో జటాయువు గృధ్రరాజు. సంస్కృతంలో 'గృధ్ర' శబ్దం రాబందును సూచిస్తుంది. ధ్వనిలో దానికి దగ్గరగా ఉన్న 'గ్రద్ద', 'గద్ద' పదాలు తెలుగు వ్యవహారంలో వేరొక పక్షికి చెల్లుతున్నాయి. జటాయువును గద్దగా ఊహించుకోవడానికి ఈ సామ్యం దోహదం చేస్తుంది. మరోవైపు, రాబందుల్లా పీక్కుతినడం అనే నుడి పత్రికల భాషలో నేటికీ సజీవం. నగరంలో పెరిగిన విద్యార్థికి ఆ ఉపమానం తెలుసు, ఉపమానమైన పక్షి తెలియదు.

3. గుర్తింపు లక్షణాలు

3.1 నల్ల గద్ద: రెక్కలు చాపితే సుమారు మీటరున్నర. తోక చివర చీలి ఉంటుంది. తోకను విసనకర్రలా విప్పినప్పుడు ఆ చీలిక కనిపించకపోవచ్చు. గాలిలో దిశ మార్చేటప్పుడు తోకను చుక్కానిలా అటూ ఇటూ తిప్పుతుంది. ఈల వంటి సన్నని కూత వేస్తుంది. మాంసపు వ్యర్థాలు, ఎలుకలు దొరికే చోట గుంపులుగా చేరుతుంది.

3.2 గరుడ పక్షి: పెద్ద పక్షికి తల, రొమ్ము తెలుపు, తక్కిన దేహం ఇటుక రంగు. పిల్ల పక్షి గోధుమవన్నెలో నల్ల గద్దను పోలి ఉంటుంది. కాని దాని తోక చివర గుండ్రంగా ఉంటుంది. దీని ఉనికి ప్రధానంగా నీటి తావుల దగ్గర.

3.3 శిక్రా డేగ: ఇంచుమించు పావురమంత పక్షి. రెక్కలు పొట్టి, తోక పొడవు. నాలుగైదుసార్లు వేగంగా రెక్కలాడించి, కొంతదూరం తేలిపోతుంది. చెట్లున్న ఆవరణల్లో వెతకాలి.

3.4 రాబందు: తెల్లవీపు రాబందు, పొడవుముక్కు రాబందు రెక్కలు చాపితే రెండు మీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. వెడల్పైన రెక్కల చివర ఈకలు వేళ్ళలా విడివడి ఉంటాయి. తోక పొట్టి. తల, మెడ మీద దట్టమైన ఈకలుండవు. రెక్క కదపకుండా వేడిగాలి ఆధారంగా చాలాసేపు సుళ్ళు తిరుగుతుంది. తెల్ల రాబందు మాత్రం గద్దకు కాస్త పెద్దది. తెల్లని దేహం, నల్లని రెక్కల అంచులు, పసుపుపచ్చని ముఖం, మొనదేలిన తోక దాని గుర్తులు.

4. భేదం ఎందుకు ముఖ్యం

భారతదేశంలో 1992-2007 మధ్య తెల్లవీపు రాబందుల సంఖ్య 99.9 శాతం పడిపోయింది. పశువులకు నొప్పి నివారణకై ఇచ్చే డైక్లోఫెనాక్ ఇందుకు ప్రధాన కారణమని 2004లో వెలువడిన పరిశోధన నిరూపించింది. మందు అవశేషాలున్న కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి మరణిస్తుంది. 2006లో ఈ మందు పశువైద్య వినియోగాన్ని ప్రభుత్వం నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువైద్యం నుండి తొలగించింది. తెలంగాణలో 2013లో కుమురం భీం జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్టపై పొడవుముక్కు రాబందుల గూళ్ళు బయటపడ్డాయి.

నల్ల గద్ద మాత్రం నగర వ్యర్థాల మీద నిలదొక్కుకుంది. దాన్నే రాబందుగా నమోదు చేస్తే, లేని పక్షి ఉన్నట్లు లెక్క తేలుతుంది. మౌఖిక సాక్ష్యాలను సేకరించే పరిశోధకునికీ ఇదే సమస్య. "మా చిన్నతనంలో ఊరి చివర రాబందులుండేవి" అని వృద్ధులు చెప్పినప్పుడు, ఆ పక్షి మెడ ఎలా ఉండేది, చచ్చిన పశువు చుట్టూ గుంపుగా వాలేదా, కోడిపిల్లలను తన్నుకుపోయేదా అని అడగాలి. కోడిపిల్లను ఎత్తుకుపోయేది గద్ద. రాబందు కాళ్ళు అలాంటి వేటకు పనికిరావు. ఈ ఒక్క ప్రశ్నతో సాక్ష్యం విలువ ఎంతో పెరుగుతుంది.

5. ముగింపు

• దారిలో పెద్ద పక్షి కనబడితే ముందుగా తోకను, తరువాత రెక్కల వెడల్పును, ఆపై మెడను చూడాలి. రంగు చివరి ఆధారం.
• అమీర్‌పేట, పంజాగుట్టల మీద రాబందును చూశానని నమోదు చేయడానికి ఫోటో వంటి గట్టి ఆధారం అవసరం.
• క్షేత్రపర్యటనలో వ్యక్తులు వాడిన పేరును, వారు వర్ణించిన రూపాన్ని వేర్వేరుగా రాసుకోవాలి. పక్షి కనుమరుగైన తరువాత కూడా దాని పేరు భాషలో నిలిచి ఉంటుంది. పేరు వినిపించినంత మాత్రాన పక్షి ఉన్నట్లు కాదు.