తలకోనలో ఒక రోజు... జపాన్ పద్ధతిలో

ఆదివారం సరదాగా ఎటైనా వెళ్లొద్దామంటే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది బిర్యానీ పార్శిలే. కారులో కూర్చోవడం, అక్కడికి చేరాక కడుపు బిగిసేలా తినడం, నాలుగు సెల్ఫీలు దిగి మళ్లీ కారెక్కడం. అలా వెళ్లొచ్చినవారు కొందరు సోమవారం ఓపీలో కనిపిస్తుంటారు. ఒకరికి షుగర్ పెరిగి ఉంటుంది. మరొకరికి ఛాతీలో మంట. ఇంకొకరు బీపీ మాత్ర ఇంట్లోనే మర్చిపోయి ఉంటారు. విహారం సేదదీర్చాలి గానీ కొత్త ఇబ్బంది తేకూడదు కదా!

ఈ విషయంలో జపాన్ వారి అలవాట్లు మనకు పనికొస్తాయి. తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ వంటి జపాన్ కంపెనీలున్నాయి. వాళ్ల వాహనాలు, ఏసీలు మనకు తెలిసినవే. వాళ్ల తిండి, నడక పద్ధతుల గురించీ కాస్త తెలుసుకుందాం.

అడవిలో స్నానం

1982లో జపాన్ అటవీ శాఖ ‘షిన్రిన్ యోకు’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది. అంటే అడవి స్నానం. దీనికి నీళ్లతో పనిలేదు. ఫోన్ పక్కనపెట్టి, చెట్ల మధ్య నెమ్మదిగా నడవడం, కూర్చోవడం, ఆకుల సవ్వడి వినడం, మట్టి వాసన పీల్చడం. అంతే. అడవిలో నడిచినవారిని, నగరంలో నడిచినవారిని పోల్చిన జపాన్ అధ్యయనాల్లో అడవిలో నడిచినవారికి రక్తపోటు, నాడి వేగం, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కొంత తక్కువగా కనిపించాయి. అయితే అవి చాలావరకు కొద్దిమందిపై చేసిన అధ్యయనాలు. ఒక్కరోజు నడక మాత్రలకు బదులు కాదు.

ఇందుకోసం మనం జపాన్ దాకా వెళ్లనక్కర్లేదు. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా వెళ్తే తలకోన వస్తుంది. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోని ఈ అడవిలో ఎర్రచందనం చెట్లు, చెట్లను అల్లుకున్న భారీ గిల్లతీగలు, సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం ఉన్నాయి. వానల తర్వాత నీళ్లు బాగుంటాయి. జలపాతం దగ్గరికి పరుగు తీయకుండా దారిలో రెండు మూడుచోట్ల పావుగంటసేపు ఊరికే కూర్చోండి. పెద్దవాళ్లకూ, పిల్లలకూ ఇదే అసలు విశ్రాంతి.

కడుపులో కాస్త చోటు

జపాన్ సంప్రదాయ భోజనాన్ని ‘వాషోకు’ అంటారు. 2013లో యునెస్కో దీన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అన్నంతో పాటు ఒక సూప్, చిన్న గిన్నెల్లో మూడు రకాల కూరలు దీని తీరు. కూరగాయలు, చేపలు, సోయా ఎక్కువ. ఒకినావా పెద్దలు ‘హర హచి బు’ అంటారు. కడుపు ఎనభై శాతం నిండగానే చేయి కడుక్కోమని!

మనం అరువు తెచ్చుకోవాల్సింది ఈ పద్ధతినే, వంటకాలను కాదు. చిన్న రాగిసంగటి ముద్ద, పులగూర, ఉడికించిన అలసంద గుగ్గిళ్లు, కోడిగుడ్డు, జామకాయ సర్దుకుంటే మన వాషోకు సిద్ధం. సంగటి మంచిదే అయినా అదీ పిండిపదార్థమే. షుగర్ ఉన్నవారు ముద్ద సైజు చూసుకోవాలి.

జపాన్ నేర్పే పాఠం ఇంకొకటుంది. సోయా సాస్, మిసో, ఊరగాయల వల్ల వాళ్ల తిండిలో ఉప్పు ఎక్కువ. 1960ల నాటికి అక్కడ, ముఖ్యంగా అకితా ప్రాంతంలో, పక్షవాతం మరణాలు విపరీతంగా ఉండేవి. ఉప్పు తగ్గించమని ప్రచారం చేసి, ఊరూరా బీపీ పరీక్షలు జరిపి, మందులు వాడించాక అవి బాగా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించేది రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే ఒక టీస్పూను కంటే తక్కువ. ఆవకాయ, అప్పడం, చిప్స్ కలిస్తే ఆ లెక్క సులువుగా దాటిపోతుంది.

బయల్దేరే ముందు

* రోజూ వేసుకునే మాత్రలు మానొద్దు. షుగర్‌కు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడేవారు భోజనం ఆలస్యం చేయొద్దు. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.
* మధుమేహులు కాలే బండల మీద వట్టికాళ్లతో నడవొద్దు. స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా తెలియదు.
* ఎక్కేటప్పుడు ఛాతీ బరువెక్కినా, ఆయాసం ఎక్కువైనా అక్కడే ఆగిపోండి. గ్యాస్ అనుకుని ఊరుకోకుండా 108కి ఫోన్ చేయండి. అడవిలో సిగ్నల్ దొరకకపోతే అటవీ సిబ్బంది సాయం అడగండి.
* పాచిపట్టిన రాళ్లు జారతాయి. మద్యం తాగి నీళ్లలో దిగడం ప్రాణాలకే ముప్పు.

జ్వరం వస్తే

గడ్డి, పొదల్లో ఉండే కంటికి కనిపించనంత చిన్న పురుగుల కాటుతో స్క్రబ్ టైఫస్ వస్తుంది. మన ప్రాంతంలో వానాకాలం, చలికాలాల్లో ఈ కేసులు చూస్తుంటాం. పూర్తి చేతులు, నిండు ప్యాంటు వేసుకోండి. గడ్డిలో నేరుగా కాకుండా చాప మీద కూర్చోండి. ఇంటికొచ్చాక స్నానం చేసి బట్టలు ఉతకండి. మూడు వారాల్లోపు జ్వరం, తీవ్రమైన తలనొప్పి వస్తే చంకలు, గజ్జలు, నడుము దగ్గర సిగరెట్‌తో కాల్చినట్లు నల్లటి మచ్చ ఉందేమో చూసుకోండి. అది లేకపోయినా ‘అడవికి వెళ్లొచ్చాం’ అని డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బును త్వరగా అనుమానించగలం. తొలిరోజుల్లోనే మొదలుపెడితే చవకైన డాక్సీసైక్లిన్ మాత్రతో నయమవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతినొచ్చు.