పసుపు కుంకుమ ఇక్కడ... పన్ను లెక్క ఎవరిది?

పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద రాసిచ్చిన స్థలం నంద్యాలలో ఉంటుంది. పెళ్లికి ముందు నాన్న వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఆళ్లగడ్డ బ్యాంకులో ఉంటుంది. వాటి యజమానురాలు మాత్రం డాలస్‌లోనో, కువైట్‌లోనో, సిడ్నీలోనో! “ఈడ దానికేం జీతమొస్తుందని పన్ను లెక్కలు రాయాల?” అంటుంది అమ్మ. “అవన్నీ అన్నయ్య చూసుకుంటాడులే” అంటుంది అమ్మాయి. ఇద్దరూ ఇలా అనుకుంటూ ఉండగానే ఏటా ఆమె వడ్డీలో దాదాపు మూడో వంతు కోతపడుతుంటుంది. అడిగితే తిరిగొచ్చే డబ్బే అది. అడగడమంటే ఇన్‌కంటాక్స్ రిటర్ను దాఖలు చేయడమే.

ఆడపిల్ల పేరున ఆస్తి ఉండటం మన రాష్ట్రంలో కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు 2005లో దక్కింది. హక్కు వచ్చింది సరే, దాని లెక్క కూడా మనమే చూసుకోవాలి కదా!

ఎన్నారై అంటే ఎవరు?

పౌరసత్వంతోనూ, గ్రీన్‌కార్డుతోనూ దీనికి సంబంధం లేదు. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా మన దేశంలో ఎన్ని రోజులున్నారన్నదే లెక్క. విదేశంలో స్థిరపడి సెలవులకు వచ్చివెళ్లే అమ్మాయి ఆ ఏడాదిలో ఇక్కడ 182 రోజుల కంటే తక్కువ ఉంటే మామూలుగా ఎన్నారై కిందే లెక్క. ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటితే ఆ గడువు 120 రోజులే. ఆమె అక్కడ ఉద్యోగం చేస్తోందా, ఇంటిపట్టున ఉంటోందా అన్నది చూడరు. కూతురి కాన్పుకు వెళ్లి ఆరు నెలలుండి వచ్చే అమ్మ మాత్రం ఎన్నారై కాదు.

ఎన్నారైకి అక్కడి జీతంపై ఇక్కడ పన్ను లేదు. ఇక్కడ వచ్చే వడ్డీ, అద్దె, స్థలం అమ్మితే వచ్చే లాభం... వీటి మీదే పన్ను.

వడ్డీలో కోత ఎందుకు?

విదేశానికి వెళ్లి స్థిరపడగానే ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. దీనిపై వచ్చే వడ్డీలో బ్యాంకు మొదటి రూపాయి నుంచే 31.2 శాతం టీడీఎస్ కింద కోస్తుంది. పన్ను కోయవద్దని అమ్మానాన్నలు బ్యాంకులో ఇచ్చే డిక్లరేషను ఎన్నారైలకు చెల్లదు. అక్కడి సంపాదనను పంపి ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేసుకుంటే దాని వడ్డీపై ఇక్కడ పన్నే లేదు. ఈ రెండు ఖాతాల తేడా తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్లే.

ఒక లెక్క చూద్దాం. అమ్మాయి పేరున ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ 12 లక్షలుంది. 7 శాతం చొప్పున ఏడాదికి 84,000 రూపాయల వడ్డీ. అందులో బ్యాంకు కోసేది 26,208. కొత్త పన్ను పద్ధతిలో 2025 ఏప్రిల్ నుంచి 4 లక్షల దాకా ఆదాయంపై పన్ను లేదు. ఆ వడ్డీ తప్ప ఆమెకు ఇక్కడ వేరే ఆదాయం లేకపోతే కట్టాల్సిన పన్ను సున్నా! రిటర్ను వేస్తే 26,208 రూపాయలూ వెనక్కొస్తాయి. వేయకపోతే ఎవరూ ఇంటికొచ్చి ఇవ్వరు.

“12 లక్షల దాకా పన్ను లేదన్నారుగా!” అనుకునేవారికి ఒక మాట. అది రిబేటు వల్ల దక్కే లాభం. ఇక్కడ నివసించేవారికే గానీ ఎన్నారైలకు వర్తించదు. వారికి 4 లక్షలు దాటిన దగ్గర్నుంచి పన్ను మొదలవుతుంది.

ఇల్లు అద్దెకిస్తే, స్థలం అమ్మితే...

ఇంటి యజమానురాలు ఎన్నారై అయితే అద్దెలోనూ టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవారిదే. ఈ సంగతి ఇద్దరికీ ముందే తెలిసి ఉండాలి.

స్థలం అమ్మకంలో పెద్ద మొత్తాలే ముడిపడతాయి. అమ్మానాన్నలు 10 లక్షలకు కొని కూతురికిచ్చిన స్థలం 40 లక్షలకు అమ్ముడైందనుకుందాం. వాళ్లు కొన్న ధరే ఆమె కొన్న ధరగా లెక్క. కనుక లాభం 30 లక్షలు. రెండేళ్లు దాటిన ఆస్తికి పన్ను సెస్సుతో కలిపి 13 శాతం, అంటే 3 లక్షల 90 వేలు. కానీ కొనేవారు జాగ్రత్త కోసం మొత్తం 40 లక్షల మీదే కోస్తే 5 లక్షల 20 వేలు పోతాయి. తేడా లక్షా 30 వేలు రిటర్ను వేసి రిఫండు వచ్చేదాకా చిక్కుకుపోతుంది. ఇది తప్పాలంటే తక్కువ కోతకు అనుమతిచ్చే సర్టిఫికెట్టును రిజిస్ట్రేషన్‌కు ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తీసుకోవాలి. అమ్మే మనిషి ఎన్నారై అన్న సంగతి దాచి పని కానివ్వాలనుకుంటే ఆ పన్ను కొన్నవారి మెడకు చుట్టుకుంటుంది.

పొలం దారి వేరు. కౌలు ఆదాయం వ్యవసాయ ఆదాయమే, దానిపై నేరుగా పన్ను లేదు. మిగతా ఆదాయం పన్ను పరిమితి దాటితే మాత్రం రేటు లెక్కకు దాన్నీ కలుపుతారు. గ్రామీణ సాగుభూమి అమ్మితే లాభంపై పన్ను ఉండదు. ఏది గ్రామీణం? లక్ష దాటిన జనాభా ఉన్న నంద్యాల లాంటి పట్టణానికైతే మున్సిపల్ హద్దు నుంచి 6 కిలోమీటర్ల అవతల, లక్ష లోపున్న ఆళ్లగడ్డ లాంటిదానికైతే 2 కిలోమీటర్ల అవతల ఉండాలి. రోడ్డు దూరం కాదు, తిన్నగా గాలిలో కొలిచే దూరం.

భర్త పంపే డబ్బు

ఆయన దుబాయ్‌లో, ఆమె పిల్లలతో ఇక్కడ. ఇంటి ఖర్చులకు ఆయన పంపే డబ్బుపై ఆమెకు పన్ను లేదు. అందులో కొంత తన పేరున డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీని మాత్రం చట్టం భర్త ఆదాయంలోనే కలుపుతుంది. కొడుకో కూతురో అమ్మకు పంపితే అలా కాదు. ఆ డబ్బుపై వడ్డీ అమ్మ ఆదాయమే.

రిటర్ను వేసేదెలా?

ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఏ దేశం నుంచైనా వేయవచ్చు. ఎన్నారైలకు ఐటీఆర్-1 పనికిరాదు. వ్యాపారం లేనివారికి ఐటీఆర్-2. మామూలుగా గడువు జులై 31. అది దాటితే డిసెంబరు 31 దాకా వేయవచ్చు గానీ ఆలస్య రుసుము పడవచ్చు. వేసిన 30 రోజుల్లో వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీ ఇక్కడి ఫోన్‌కే వస్తుంది కనుక చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నెట్ బ్యాంకింగ్ ద్వారా చేయవచ్చు, లేదా సంతకం చేసిన కాగితాన్ని బెంగళూరు కేంద్రానికి పోస్టులో పంపవచ్చు.

పాత ఏళ్ల కోత మిగిలిపోయిందా? కారణం చూపి ఐదేళ్ల లోపు అర్జీ పెట్టుకునే వీలుంది. ఒప్పుకోవడం అధికారుల ఇష్టం.

ఇవి మరవకండి

* ప్యాన్ కార్డు ఆమె పేరునే ఉండాలి. ఎన్నారైలు ఆధార్ జత చేయనక్కర్లేదు. కానీ ఎన్నారై అన్న సంగతి వెబ్‌సైట్‌లో నమోదు చేయకపోతే ప్యాన్ పనిచేయక రిఫండు ఆగుతుంది.

* రిఫండు పడాల్సిన బ్యాంకు ఖాతాను వెబ్‌సైట్‌లో ముందే ధ్రువీకరించుకోవాలి.

* అమెరికాలో ఉంటే ఇక్కడి వడ్డీని అక్కడి రిటర్నులోనూ చూపాలి. విదేశీ ఖాతాల్లో మొత్తం ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఆ వివరాలు విడిగా ఇవ్వాలి.

* 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది. కొన్ని ఫారాల నంబర్లు మారాయి, వేసేముందు చూసుకోండి.

* పెద్ద అమ్మకాలుంటే ఆడిటర్ సలహా తీసుకోండి. పాస్‌వర్డు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

అన్నో, మరిదో సాయం చేస్తే మంచిదే. కానీ ఖాతాలో ఎంతుందో, ఎంత కోతపడిందో తెలియాల్సింది ముందు ఆస్తి ఎవరిదో వాళ్లకు. ఈసారి సెలవులకొచ్చిన అమ్మాయికి సోనామసూరి బియ్యం, ఊరగాయలు సర్దేటప్పుడు టీడీఎస్ సర్టిఫికెట్లు, దస్తావేజుల నకళ్లు కూడా పెట్టెలో పెట్టండి. ఓ పూట పక్కన కూర్చుని ఆ లెక్క ఇద్దరూ కలిసి చూడండి.