లైకులొచ్చాయి సరే, జాడీలు కదిలాయా?

కిందటి ఎండాకాలం ఓ మధ్యాహ్నం మా తోడికోడలు వంటింట్లోంచి ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "అక్కా, మన ఆవకాయకి రెండువేల వంద లైకులొచ్చేయి, చూడు!" అంది. చేతికి కారం ఇంకా అంటుకునే ఉంది. నేనూ చూసి మురిసిపోయాను. సాయంత్రం మా అత్తగారు గది తలుపు తీసి, గోడవారగా పేర్చిన జాడీల వంక చూపించి ఒక్కటే మాట అడిగారు. "లైకులొచ్చేయి సరే, మరివెప్పుడెల్తాయే?"

మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

సంగతేమిటంటే, మా తోడికోడలు డ్వాక్రా సంఘంలో ఇరవై వేలు అప్పు తీసుకుని కాయలు, నూనె, సీసాలు కొంది. అందులోంచే ఓ మూడు వేలు తీసి ఫోనులో ప్రకటన వేయించింది. రోజుకి 300 చొప్పున పది రోజులు. ఇంజనీరింగు చదువుతున్న మా ఆడపడుచు కొడుకు పేజీ తెరిచి, 'బూస్ట్' అన్న మీట నొక్కి పెట్టాడు. పైన 18 శాతం జి.ఎస్.టి. కలిపి 3,540 రూపాయలయ్యింది. వచ్చిన ఆర్డర్లు మూడు. అందులో రెండు మా బంధువులవే, ప్రకటన లేకపోయినా వాళ్ళెలాగూ కొనేవారే. సంఘం వాయిదా దగ్గర పడింది. మా మరిది రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. బి.కాం. చదివిన పాపానికి లెక్క తేల్చే పని నా నెత్తిన పడింది. నెల రోజులు కథలు పక్కన పెట్టి దీనిమీదే కూర్చున్నాను.

మా చిన్నప్పుడు నర్సీపట్నంలో ప్రకటన అంటే రిక్షాకి మైకు కట్టి తిప్పడం, లేకపోతే సినిమాహాల్లో ఇంటర్వెల్‌కి స్లైడు వేయించడం. హాల్లో కూర్చున్న వాళ్ళందరికీ అదే స్లైడు. కొనేవాడూ చూస్తాడు, వేరుశనక్కాయలు తినేవాడూ చూస్తాడు. ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాములో అలా కాదు. ఎవరికి చూపించాలో వెతికిపెట్టే పని కూడా ఆ యంత్రమే చేస్తుంది. మనం ఏ వీడియో దగ్గర ఆగాం, ఏ పేజీ తెరిచాం, ఏది నొక్కాం అన్నవన్నీ దానికి ఆనవాళ్ళు. ఈ రెంటికీ యజమాని అయిన మెటా కంపెనీ ఆదాయం 2024లో 16,400 కోట్ల డాలర్లకు పైనే. అందులో నూటికి తొంభయ్యేడు వంతులు ప్రకటనలదే. ఊరికే వచ్చిందనుకుంటున్న వినోదానికి డబ్బు ఎక్కణ్ణించి వస్తోందో చూశారా!

మేం చేసిన తప్పు అసలు మొదటి ప్రశ్న దగ్గరే. ప్రకటన పెట్టేటప్పుడు 'మీకేం కావాలి?' అని అడుగుతుంది. లైకులూ కామెంట్లూ కావాలా, మెసేజీలు కావాలా, వెబ్‌సైటుకి మనుషులు రావాలా, ఇలా. మావాడు లైకులు అన్నాడు. యంత్రం పాపం చెప్పినట్టే చేసింది. కనిపించిన ప్రతిదానికీ బొటనవేలు ఎత్తే అలవాటున్న వాళ్ళని వెతికి వెతికి చూపించింది. వాళ్ళు ఎత్తారు, వెళ్ళిపోయారు. లైకు కొట్టేవాళ్ళు వేరు, డబ్బులు తీసేవాళ్ళు వేరు. కూతురికి సంబంధం చూడమని చెప్పి, కబుర్లు బాగా చెప్పేవాడు కావాలంటే కబుర్లరాయుణ్ణే తెస్తారు కదండీ మరి!

రెండో తప్పు ఇంకా విచిత్రం. 'పచ్చళ్ళు, వంటలు అంటే ఇష్టపడేవాళ్ళు' అని గుర్తు పెట్టి, దేశమంతటికీ వదిలాం. ఓ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తుంటే తట్టింది. ఆవకాయ వీడియోలు తెగ చూసేదెవరు? స్వయంగా ఆవకాయ పెట్టుకునేవాళ్ళు! కొలత చూసుకోడానికి చూస్తారు గానీ కొనడానికి కాదు. మా ఊళ్ళో అయితే అబీద్ సెంటర్‌లో నిలబడి అరిచినా ఆవకాయ కొనే ఇల్లాలు దొరకడం కష్టమే, ఎవరి జాడీ వాళ్ళింట్లో ఉంటుంది. కొనేవాళ్ళు విశాఖపట్నంలోనూ, హైదరాబాదులోనూ ఉద్యోగాలకి పరుగెత్తే జంటలు, గది తీసుకుని వండుకునే పిల్లలు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని సంగీత కచేరీల్లో ఊరికే పంచిపెట్టారని చెప్తారు. తలనొప్పి ఎక్కడ పుడుతుందో ఆయనకి తెలిసుండాలి!

ఇక రేటు మాట. దీనికి ధరల పట్టిక ఉండదు. ప్రతిసారీ వేలమే. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు చూసి పాట పాడినట్టు, మీ ఫోనులో ఖాళీగా ఉన్న ఆ ఒక్క చోటు కోసం ఎందరో వ్యాపారులు క్షణంలో పోటీ పడతారు. కాకపోతే ఇక్కడ ఎక్కువ పాడినవాడికే సరుకు అని లేదు. ఈ ప్రకటన చూసి ఈ మనిషి స్పందిస్తాడా, చూసి విసుక్కుంటాడా అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటారు. అందుకే శ్రద్ధగా చేసిన చిన్న ప్రకటన ఒక్కోసారి పెద్ద కంపెనీని దాటిపోతుంది. దసరా, దీపావళి రోజుల్లో మాత్రం పెద్దవాళ్ళంతా సంచులు విప్పుతారు కాబట్టి మనలాంటి వాళ్ళకి ఆ వేలం ఖరీదైపోతుంది.

రెండోసారి 'వాట్సాప్‌లో మెసేజీ' అన్న ఎంపిక నొక్కాం. విశాఖపట్నం, హైదరాబాదు మాత్రమే. రోజుకి 150, ఎనిమిది రోజులు. ముగింపు తేదీ తప్పకుండా వేశాం, లేకపోతే కుళాయి కట్టేయడం మరిచినట్టు కారుతూనే ఉంటుంది. ఒక్కోరోజు 150 దాటి కోసుకుంటుంది కానీ వారం మొత్తం మీద సర్దేస్తుంది, కంగారు పడక్కర్లేదు. మా తోడికోడలికి రెండో రోజే ఆత్రం మొదలైంది. "ఏటక్కా, ఇంకా ఎవలూ రాలేదు, ఫొటో మార్చీనా?" అని. వద్దన్నాను. ఎవరికి చూపిస్తే పని జరుగుతుందో యంత్రం నేర్చుకోడానికి కొన్నాళ్ళు పడుతుంది. మధ్యలో కెలికితే ఆ పాఠం మళ్ళీ మొదటికొస్తుంది.

రాత పని నాది కదా, అక్కడా ఓ అవమానం జరిగింది. మొదటి ప్రకటనకి 'అమ్మమ్మల కాలంనాటి కమ్మదనం, మమతల మసాలా' అని రాసిచ్చాను. పత్రికలో కథ పడితే ఉత్తరాలొస్తాయి గానీ దీనికి ఎవరూ కదల్లేదు. రెండోసారి మా తోడికోడలే చెప్పింది, నేను రాశాను. 'నువ్వుల నూనెతో ఆవకాయ. కిలో 450. పార్సిలు ఖర్చు వేరు. నర్సీపట్నంలో మా ఇంట్లో పెట్టినది.' సీసాలో కాక, వేడన్నంలో కలిపిన ముద్ద ఫొటో పెట్టాం. అడ్డదిడ్డంగా ఉన్నా అదే పనిచేసింది. మిగతావాళ్ళు ఎలా రాస్తున్నారో చూడాలంటే మెటావాళ్ళ 'యాడ్ లైబ్రరీ' ఉంది. ఎవరి ప్రకటనలు నడుస్తున్నాయో అందులో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

ఇప్పుడు అసలు లెక్క. ఖర్చు 1,200, పన్ను 216, మొత్తం 1,416 రూపాయలు. వాట్సాప్‌లో పలకరించినవాళ్ళు 41 మంది. 'రేటెంత?' అని అడిగి మాయమైనవాళ్ళు చాలామంది. కొన్నవాళ్ళు 11 మంది, తలో కిలో. అంటే ఒక్కో ఆర్డరు తెచ్చుకోడానికి 129 రూపాయలు పడింది. కిలోకి సరుకు, సీసా కలిపి 290 పోగా మిగిలేది 160. అందులో 129 తీసేస్తే 31. ముక్కలు కొట్టిన చేతులకి, కారం ఆడించడానికి నిలబడ్డ కాళ్ళకి దక్కింది ముప్ఫయ్యొక్క రూపాయలన్నమాట! కాగితం మీద ఆ అంకె చూసి మా తోడికోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను కూడా ఇంక మానేయమనే చెప్పబోయాను.

కానీ నెల తిరక్కుండా ఆ పదకొండు మందిలో నలుగురు మళ్ళీ అడిగారు. ఒకావిడ మూడు కిలోలు, పక్క ఫ్లాటు వాళ్ళకి కలిపి. వీళ్ళకోసం మళ్ళీ ప్రకటన ఖర్చు లేదు, 160కి 160 మిగిలింది. ప్రకటన డబ్బు మొదటి సీసా మీద రాదు, రెండో సీసా మీద వస్తుంది. రెండో సీసా రావాలంటే మొదటిది కారకుండా చేరాలి, అడిగిన రోజే బదులివ్వాలి. రాత్రి పదింటికి 'ఉప్పెక్కువా?' అని అడిగినా సరే. మా తోడికోడలు ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టింది. ఎవరు ప్రకటన చూసి వచ్చారు, ఎవరు ఒకరు చెప్తే వచ్చారు అని అడిగి రాస్తుంది. సబ్బులు, చీరలు అమ్మేవాళ్ళకి లెక్క వేరేగా ఉండొచ్చు. ఒక్కసారే కొనే వస్తువుకి, పైగా లాభం తక్కువ ఉంటే, నేనైతే ఈ జోలికి వెళ్ళమని చెప్పను.

ఇంకోటి చెప్పాలి. పేజీ పెట్టిన వారానికే 'పదివేల మంది ఫాలోవర్లనిస్తాం, ఇంత పంపండి' అని ఒకడు ఫోను. వాళ్ళు కొనరు, మాట్లాడరు, కొందరు మనుషులే కారు. తర్వాత 'మీ పేజీ మూసేస్తున్నాం, ఈ లింకు నొక్కి వివరాలివ్వండి' అని కంపెనీ పేరుతో ఓ మెసేజీ. మా తోడికోడలు ఓటీపీ కొట్టబోతుంటే మావాడు చెయ్యి పట్టుకున్నాడు. అలా డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యాలి.

సంఘం వాయిదాలు మొత్తానికి కట్టేశాం, ఆఖరి రెండూ నా కథల పారితోషికం కలిపితే గానీ కాలేదు. ఆ సంగతి మా మరిదికి తెలీదు, ఇది చదివితే తెలుస్తుంది. జాడీలు అయిపోయాయి గనక ప్రకటన ఆపేశాం. ఉసిరికాయల రోజులొస్తున్నాయి. నిన్న మా తోడికోడలు నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "ముందు ఈ నలుగురికీ చెప్పీసి, మిగిల్తేనే ప్రకటన ఏద్దాం అక్కా. అందులోకి ఈసారి మమతల మసాలా మాత్రం రాయకు" అంది.