బొంతలో వెచ్చదనం ఎక్కడిది?

మార్గశిరంలో మాట్లాడేందుకు పొద్దు ఉండదని మన పెద్దలు అంటారు. మధ్యాహ్నం భోజనం చేసి లేచేసరికే నీడలు సాగుతాయి. దీపాలు పెట్టే వేళకు చలి మొదలవుతుంది. ఆదిలాబాదు వైపు కొన్ని సంవత్సరాలలో రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పోతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో అది 0 డిగ్రీల దగ్గరకు దిగిన రోజులు కూడా ఉన్నాయి.

ఇటువంటి చలికి మన అమ్మమ్మలు దమ్మిడీ ఖర్చు లేకుండా తయారుచేసిన సాధనం బొంత. పాతచీరలు, చిరిగిన పంచెలు దొంతరగా పరిచి కుట్టేస్తే బొంత అయిపోతుంది. చూడటానికి ఇంత సులువైన వస్తువు చలిని ఎలా ఆపుతున్నది?

“బొంత వేడినిస్తుంది కనుక” అని మీరు వెంటనే చెబుతారు. నిజమేనా? ఒక పని చేసి చూడండి. మూతలున్న చిన్న డబ్బాలు రెండు తీసుకుని, రెండింటిలోనూ ఒకే పరిమాణం గల ఐసు ముక్కలు వేసి మూతపెట్టండి. ఒక డబ్బాను ఊరికే బల్లమీద పెట్టండి. రెండో దాన్ని బొంతలో చుట్టేయండి. అరగంట ఆగి రెండూ విప్పి చూడండి. బొంతే వేడి పుట్టించేదయితే, అందులో ఉన్న ఐసు ముందుగా కరిగిపోవాలి కదా? కాని జరిగేది అందుకు విరుద్ధం. బయట పెట్టిన ఐసు చాలావరకు నీరైపోయి ఉంటుంది. బొంతలోని ముక్క ఇంకా గట్టిగా ఉంటుంది. ఐసు అమ్మేవాళ్ళు దిమ్మలమీద రంపపు పొట్టు పోసి, గోనెలు కప్పేది ఇందుకే.

బొంత వేడిని పుట్టించదు. వేడిని అటూ ఇటూ పోనివ్వదు, అంతే. వెలుపలి వేడిని ఐసు దగ్గరకు రానివ్వదు. మీ ఒంటి వేడిని వెలుపలికి పోనివ్వదు.

మీ ఒంటి వేడి తక్కువదేమీ కాదు. మన శరీరం ఎప్పుడూ సుమారు 37 డిగ్రీల వేడిమితో ఉంటుంది. కదలక మెదలక పడుకున్న పెద్దమనిషి శరీరం కూడా ఇంచుమించు 80 వాట్ల చొప్పున వేడిని వెలువరిస్తూ ఉంటుంది. అంటే రాత్రంతా మీ పక్కలో ఒక చిన్న పొయ్యి ఉన్నట్టే! దానికి కట్టెలు మీరు తిన్న అన్నమూ, రొట్టే.

ఆ వేడిని ఆపేది బొంతలోని గుడ్డ అనుకుంటారేమో. గుడ్డకన్న ఎక్కువ పని చేసేది గుడ్డల మధ్య చిక్కుకున్న గాలి. కదలకుండా నిలిచి ఉన్న గాలి గుండా వేడి చాలా నెమ్మదిగా పోతుంది. వీస్తున్న గాలి అయితే వేడిని ఎత్తుకుపోతుంది. నూలుపోగుల మధ్యా, పొరల మధ్యా ఉన్న వేలకొద్దీ చిన్న సందుల్లో గాలి కదలలేక నిలిచిపోతుంది. ఒక మందపాటి దుప్పటికన్న రెండు పల్చని దుప్పట్లు కలిపి కప్పుకుంటే తరచు ఎక్కువ వెచ్చగా ఉండటానికి కారణం కూడా ఇదే. ఆ రెండింటి నడుమా ఇంకొక గాలిపొర చేరుతుంది.

ఇక బొంత కుట్టే విధం చెబుతాను. ఇది ఒక్కరు చేసే పని కాదు. ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ చేసే పని.

చీర పొడవు ఆరు గజాలు. దాన్ని మూడు మడతలు వేస్తే రెండు గజాల పొడవు, సుమారు గజమూ పాతిక వెడల్పు వస్తుంది. ఒక మనిషికి అది చాలు. కనుక రెండు పాతచీరలుంటే ఆరు పొరల బొంత అవుతుంది. చలి ఎక్కువగా ఉండే ఊళ్ళో అయితే మధ్యలో పాత పంచెలూ, తువాళ్ళూ మరి రెండు పొరలు చేర్చండి. అన్నీ నూలువే కావాలి. ఈనాడు చాలా ఇళ్ళలో ఉన్నవి పాలియెస్టరు చీరలు. అవి చెమటను పీల్చవు, కుట్టేటప్పుడు జారిపోతాయి, నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. వాటిని బొంతకు వాడకండి. కొత్తగుడ్డ కూడా అక్కరలేదు. అనేకసార్లు ఉతికి మెత్తబడిన గుడ్డలోనే సూది సుఖంగా దిగుతుంది.

గుడ్డలను ఉతికి ఆరబెట్టి, గుండీలు, హుక్కులు, మందపాటి మడత కుట్లు కత్తిరించేయండి. తుడిచిన నేలమీద కింది పొర పరిచి, నాలుగు మూలలా రోకలిబండో, ఇత్తడి చెంబో బరువు పెట్టండి. చిరుగులున్న ముక్కలు లోపలికి పోవాలి. గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ రావాలి. ఇప్పుడు మధ్యనుంచి అంచులవైపుకు పెద్ద పెద్ద కుట్లు వేసుకుంటూ పొండి. అంచునుంచి మొదలుపెడితే గుడ్డంతా నడుమకు వచ్చి గుట్టలా లేస్తుంది. (మేము కుట్టిన మొదటి బొంతకు ఈ గుట్ట చివరిదాకా ఉండేది. దానిమీద ఎవరు పడుకోవాలా అని రోజూ రాత్రి తగువు!) ఆ తరవాత లావుపాటి దారంతో, రెండు వేళ్ళ ఎడంగా వరసలు కుట్టాలి. దారాన్ని బిగించి లాగకండి. పొరలు జారకుండా ఉంటే చాలు. మరీ దగ్గరగా, మరీ బిగువుగా కుడితే గాలికి చోటుండదు, గాలి లేనిది వెచ్చదనమూ ఉండదు.

బెంగాలులో ఇలాగే కుట్టే బొంతను కాంథా అంటారు. అక్కడి స్త్రీలు పాతచీరల అంచులలోనుంచి రంగుదారాలు లాగి, వాటితోనే పువ్వులూ, చేపలూ కుట్టేవారు. దారం కూడా కొననక్కరలేదన్నమాట!

కుట్టేటప్పుడు పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకోండి. “ఇది నువ్వు పుట్టినప్పుడు కట్టుకున్నది,” “ఇది మీ నాన్న మొదటి జీతంతో తెచ్చింది” అంటూ ప్రతి ముక్కకూ ఒక కథ వస్తుంది.

ఇంట్లో పాతబొంత ఉంటే కార్తీకమాసంలోనే పెట్టెలోనుంచి తీసి, రెండు మూడు రోజులు తిరగేస్తూ ఎండబెట్టండి. బొంతకు శత్రువు చెమ్మ. గాలి గుండా కన్న నీటి గుండా వేడి ఇరవై రెట్లకు పైగా సులభంగా పోతుంది. తడిసిన బొంతలో గాలి ఉండవలసిన సందులన్నీ నీటితో నిండిపోతాయి. ఇక దాన్ని కప్పుకున్నా ఒకటే, కప్పుకోకపోయినా ఒకటే.

చలి పైనుంచే కాదు, కిందనుంచి కూడా బాధిస్తుంది. బండలు పరిచిన నేల మీ వేడిని రాత్రంతా లాగేస్తుంది. నేలమీద పడుకునేవారు చాపకింద వరిగడ్డి గాని, గోనెలు గాని దట్టంగా పరుచుకుంటే పైన రెండో దుప్పటి అవసరం ఉండదు. అయితే పసిపిల్లల విషయంలో జాగ్రత్త. వాళ్ళకు బరువైన బొంత కప్పకూడదు, ముఖం మూయకూడదు. ఒంటికి చక్కగా పట్టే బట్టలు తొడగడమే మేలు.

ఇంత శ్రమ ఎందుకు, గదిలో కుంపటి పెట్టుకుని తలుపులు బిగించుకుంటే పోలేదా అని కొందరు అనుకుంటారు. ప్రాణాలు పోయేది ఇక్కడే. బొగ్గులకు గాలి బాగా ఆడితే బొగ్గుపులుసు గాలి వస్తుంది. మూసిన గదిలో గాలి చాలక, కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఎక్కువగా పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. ఊపిరితో లోపలికి పోయి, నెత్తురులో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ప్రాణవాయువుకన్న 200 రెట్లకు మించిన పట్టు దానిది! మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, తలతిరుగుడు, వాంతి వస్తాయి. నిద్రలో ఉన్నవారికి అదీ తెలియదు. నిద్ర అలాగే కొనసాగి, ఇక లేవరు. పొగ లేదు కదా, ఎర్రగా కణకణలాడుతున్నదే కదా అని నమ్మకండి. పొగలేని నిప్పులే ఎక్కువమందిని మోసం చేశాయి.

ఎవరైనా అలా పడి ఉంటే ముందు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, వారిని ఆరుబయటకు చేర్చి, 108కి ఫోను చేయాలి. మీరు పిల్లలు కనుక ఒంటరిగా ఆ గదిలోకి దూరకండి. కేకవేసి పెద్దవాళ్ళను పిలవండి.

కుంపటి వద్దని కాదు. సాయంత్రం పెరట్లో దాన్ని ముట్టించి, పెద్దవాళ్ళతో చుట్టూ కూర్చుని చిలగడదుంపలు కాల్చుకు తినండి. పడుకునే వేళకు నీళ్ళు చల్లి పూర్తిగా ఆర్పి, కుంపటిని పెరట్లోనే వదిలేసి, మీరు వచ్చి బొంతలో దూరండి.