కారుకు దారిబత్తెం

పూర్వం మన పల్లెల్లో దూరప్రయాణం అంటే ముందురోజే బండి సిద్ధం చేసేవారు. ఎడ్లకు రెండు పూటలకు సరిపడా గడ్డి బండిలో పరిచేవారు. దానిమీద జంపఖానా వేస్తే పిల్లలు కూర్చోవటానికి మెత్తగానూ ఉండేది. తవుడు మూట ఒకటి కట్టేవారు. ఇరుసుకు రాయటానికి కందెన పోసిన వెదురుగొట్టం బండి కింద వేలాడుతూ ఉండేది. దారిలో ఏ వూళ్లో ఏమి దొరుకుతుందో తెలియదు గనక, కావలసినదంతా వెంట ఉండవలసిందే.

పెట్రోలు కార్లు వచ్చాక ఈ బాధ తప్పింది. బంకు దగ్గర అయిదు నిమిషాలు ఆగితే చాలు. ఇప్పుడు కరెంటుతో నడిచే కార్లు వచ్చాయి. వాటితోబాటు దారిబత్తెం కూడా మళ్లీ వచ్చింది. ఇలాంటి కారు వెనక డిక్కీలో ఒక సంచీ ఉండాలి. ఆ సంచీలో ఏమేమి ఉండాలో, ఎందుకు ఉండాలో తెలుసుకుందాం.

ముందు లెక్క చూడండి. హైదరాబాదులో ఉండే ఒక కుటుంబం దివిసీమలో అమ్మమ్మగారి వూరికి బయలుదేరిందనుకోండి. విజయవాడ దాకా సుమారు 275 కిలోమీటర్లు, అక్కడినుంచి ఇంకో అరవై పైచిలుకు. వాళ్ల కారు బ్యాటరీలో 30 యూనిట్ల కరెంటు పడుతుంది. యూనిట్ అంటే మరేమీ కాదు, ప్రతి నెలా మీ ఇంటి కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే. ఒక యూనిట్టుతో కారు ఆరు ఏడు కిలోమీటర్లు పోతుంది. అంటే నిండు బ్యాటరీతో దాదాపు 200 కిలోమీటర్లు. పెద్ద రోడ్డుమీద సూర్యాపేట వంటి చోట్ల వేగంగా చార్జి చేసే స్టేషన్లు ఉన్నాయి. అక్కడ లావుపాటి కేబులు స్టేషనుకే తగిలించి ఉంటుంది, మన సంచీతో పని లేదు. విజయవాడలోనూ అంతే. కాని అమ్మమ్మగారి వూళ్లో స్టేషను లేదు. అక్కడ ఉన్నదల్లా ఏసీ మిషను కోసం గోడకు బిగించిన పెద్ద సాకెట్టు ఒక్కటే. తిరుగు ప్రయాణం దానిమీదే ఆధారపడి ఉన్నది.

కనక సంచీలో మొట్టమొదటి వస్తువు, కారుతోబాటు ఇచ్చే చిన్న పెట్టె. దానికి ఒక పక్క మూడు పిన్నుల ప్లగ్గు, రెండో పక్క కారులో పెట్టే పిడి ఉంటాయి. అందరూ దీన్ని చార్జరు అంటారు గాని, నిజానికి అది చార్జరు కాదు. మన గోడలోంచి వచ్చే కరెంటు సెకనుకు వంద సార్లు దిక్కు మార్చుకుంటుంది. బ్యాటరీకి ఎప్పుడూ ఒకే దిక్కుగా పారే కరెంటు కావాలి. దాన్ని అలా మార్చే అసలు చార్జరు కారు లోపలే ఉన్నది. మరి పెట్టె చేసే పని ఏమిటి? అది దుబాసీ పనీ, కావలివాడి పనీ కూడా చేస్తుంది.

కారులో పెట్టే పిడిని తిప్పి చూస్తే ఏడు రంధ్రాలు కనిపిస్తాయి: అయిదు పెద్దవి, రెండు చిన్నవి. చిన్నవాటిలో ఒకదాని గుండానే పెట్టె కారుతో మాట్లాడుతుంది. పిడి పెట్టకముందు ఆ తీగెలో 12 వోల్టులు ఉంటుంది. పిడి కారులో పెట్టగానే కారు దాన్ని 9కి దించుతుంది, ‘వచ్చాను’ అన్నమాట. తరవాత 6కి దించుతుంది. ‘సిద్ధంగా ఉన్నాను’ అన్నమాట. కారు 6కి దించకముందే పెట్టె ఆ తీగెలో సెకనుకు వెయ్యి సార్లు కొట్టుకునే నాడి ఒకటి పంపుతుంది. ఆ నాడి నూటికి పది వంతుల కాలం పైకి లేచి ఉంటే ‘6 ఆంపియర్లకు మించి తీసుకోకు’ అని అర్థం. నూటికి పాతిక వంతులైతే 15 ఆంపియర్లు. ఈ సంభాషణ పూర్తయ్యేదాకా పెట్టె అసలు కరెంటు వదలదు. అందుకే చేతిలో ఉన్న పిడిలో కరెంటు ఉండదు.

మన ఇళ్లలో 230 వోల్టులు ఉంటుంది. 15 ఆంపియర్లు తీసుకుంటే 3450 వాట్లు, అంటే గంటకు మూడున్నర యూనిట్లకు కాస్త తక్కువ. కొంత వేడి రూపంలో పోతుంది గనక, ఖాళీ బ్యాటరీ నిండటానికి పది గంటలు పడుతుంది. రాత్రి భోజనాలయ్యాక పెడితే తెల్లవారి కాఫీల వేళకు నిండుతుంది. అదే 6 ఆంపియర్లయితే ఒక పగలూ ఒక రాత్రీ చాలవలసి వస్తుంది. అయితే కరెంటును ఇలా తగ్గించుకునే వీలున్న పెట్టె ఉండటమే మంచిది. ఎందుకో వినండి.

ఇంగ్లండులో జేమ్స్ జౌల్ అనే ఆయన, బీరు తయారుచేసే కార్ఖానా గలవారి బిడ్డ, 1841లో ఒక సంగతి ప్రకటించాడు. తీగెలో కరెంటు రెండింతలైతే పుట్టే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. దీన్నే తిరగేసి చూడండి: 15 ఆంపియర్లను 10కి తగ్గిస్తే వేడి సగంకన్నా తక్కువ అవుతుంది. పాతకాలపు ఇంట్లో, పాతకాలపు తీగెలమీద ఇది చాలా పెద్ద లాభం.

సంచీలో రెండో వస్తువు పొడుగు తీగె. సాకెట్టు వంటింటి గోడకు ఉంటే, కారు వేపచెట్టు కింద ఉంటుంది. ఇక్కడే చాలామంది నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని, బల్బులకు వాడే సన్నతీగె కొంటారు. ఇరవై మీటర్ల తీగె తీసుకోండి. కరెంటు వెళ్లి తిరిగి రావాలి గనక నలభై మీటర్ల రాగి అన్నమాట. ఆ రాగి ఒక చదరపు మిల్లీమీటరు లావు ఉంటే 15 ఆంపియర్ల దగ్గర సుమారు 170 వాట్ల వేడి పుడుతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్లయితే 70 వాట్లు. నాలుగైతే 45. తీగె నేలమీద పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. చుట్ట విప్పకుండా పెట్టారా, వేడి మధ్యలో చిక్కుకుని పైతొడుగు కరుగుతుంది. కనక రెండున్నరకు తక్కువ తీగె కొననే వద్దు, పెట్టేముందు చుట్ట పూర్తిగా విప్పాలి.

తీగెకన్నా ప్లగ్గు ఎక్కువ మోసం చేస్తుంది. వదులైన పిన్ను దగ్గర ఓములో పదో వంతు అడ్డు ఉన్నా చాలు, 15 ఆంపియర్లకు 22 వాట్ల వేడి పుడుతుంది. రేడియోలు బాగుచేసేవారు సీసం కరిగించే ఇనుము 25 వాట్లది! అంత వేడి వేలెడు ప్లాస్టిక్కులో రాత్రంతా కూర్చుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? పెట్టె బరువు ప్లగ్గుమీద వేలాడితే పిన్నులు ఇంకా వదులవుతాయి. అందుకని సంచీలో మూరెడు తాడు వేసుకుని, పెట్టెను మేకుకో కిటికీ చువ్వకో కట్టాలి. అరగంట అయ్యాక పెద్దవారు ప్లగ్గును తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపేసి, ఆంపియర్లు తగ్గించాలి, లేదా వేరే సాకెట్టు చూసుకోవాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్తు. ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండే మూడో పిన్ను ఎర్తుది. అది కారు వొంటిని నేలతో కలిపి ఉంచుతుంది. ఎక్కడైనా తీగె తెగి కారు రేకుకు తగిలితే, కరెంటు మనిషి గుండా పోకుండా ఆ దారిన నేలలోకి పోతుంది. 30 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో ముప్ఫైమూడో వంతు, దారి తప్పినా పెట్టె పసికట్టి కరెంటు ఆపుతుంది. ఎర్తు లేని సాకెట్టులో పెడితే చాలా పెట్టెలు ఎర్రదీపం చూపించి మొండికేస్తాయి.

అలా మొండికేసినప్పుడు కొందరు ఒక దొంగ ఉపాయం చేస్తారు. న్యూట్రల్ పిన్నునూ ఎర్తు పిన్నునూ కలిపేసిన ప్లగ్గు ఒకటి మధ్యలో పెడతారు. పెట్టె మోసపోతుంది, కారు చార్జి అవుతుంది, అందరూ సంతోషిస్తారు. కాని ఒక రోజు ఇంటికి వచ్చే న్యూట్రల్ తీగె స్తంభం దగ్గర వూడిందనుకోండి. ఇంట్లో ఫ్రిజ్ గుండా, బల్బుల గుండా వచ్చిన కరెంటుకు తిరిగి పోయే దారి ఉండదు. అది ఆ దొంగ ప్లగ్గు గుండా కారు వొంటిమీదికి ఎక్కి కూర్చుంటుంది. పెట్టెలోని కావలి దీన్ని పసికట్టకపోవచ్చు. వానకు తడిసిన వాకిట్లో చెప్పులు లేకుండా నిలబడి కారు తలుపు పట్టుకునేది ఎవరు? ఆడుకునే పిల్లలే గదా! అలాంటి ప్లగ్గు మీ సంచీలో కనిపిస్తే నాన్నగారికి చూపించి, తీసేయమని నిర్భయంగా అడగండి.

దాని బదులు సంచీలో ఉండవలసింది, మూడు చిన్న దీపాలున్న టెస్టరు ప్లగ్గు. సాకెట్టులో పెట్టగానే ఫేజు ఎటు ఉన్నదో, ఎర్తు తీగె ఉన్నదో లేదో దీపాలే చెబుతాయి. అయితే నేలలో ఎర్తు ఎంత గట్టిగా ఉన్నదో అది చెప్పలేదు, న్యూట్రల్‌కూ ఎర్తుకూ తేడా కూడా దానికి తెలియదు. చాలా ఇళ్లలో లోపం చిన్నదే: గోడలో ఎర్తు తీగె సాకెట్టుకు బిగించి ఉండదు. లేదా పెరట్లో బొగ్గూ ఉప్పూ వేసి పూడ్చిన ఎర్తు గొయ్యి వేసవికి ఎండిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియనుకు అది ఒక పూట పని. గొయ్యిలో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయటానికి ఎలక్ట్రీషియను కూడా అక్కర్లేదు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. కొన్ని పాత ప్రభుత్వ చార్జింగ్ స్తంభాలకు గుండ్రటి పారిశ్రామిక సాకెట్లు ఉంటాయి. వాటికి సరిపడే మార్పుడు ప్లగ్గు ఒకటి ఉంటే మేలు. కొన్ని హోటళ్లలో గోడకు సాకెట్టు మాత్రమే ఉండి కేబులు ఉండదు. దూరం తిరిగేవారు రెండు కొసలా పిడులున్న కేబులు కూడా పెట్టుకుంటారు. చార్జింగ్ కంపెనీల యాప్‌లు సిగ్నలు ఉన్న చోటే ఫోనులో దించుకుని డబ్బు వేసుకోవాలి. ఒక టార్చిలైటు, చేతులు తుడుచుకునే పాతగుడ్డ. అంతే.

ప్లగ్గు పెట్టే పని పెద్దలది, లెక్క కట్టే పని పిల్లలది. రాత్రి ప్లగ్గు పెట్టేముందు అమ్మమ్మగారి మీటరు చూసి అంకెలు రాసుకోండి. పొద్దున్నే మళ్లీ చూడండి. ఫ్రిజ్జూ ఫ్యానులూ కూడా తిరిగాయి గనక వాటికి రెండు మూడు యూనిట్లు తీసేయండి. మన రాష్ట్రాల్లో వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. నాలుగు రాత్రులు కారు నింపుకుంటే ఆవిడ బిల్లు పై మెట్టు ఎక్కవచ్చు. డబ్బు చేతికిస్తే అమ్మమ్మ ఎలాగూ పుచ్చుకోదు. బిల్లు మీదనే ఉన్న నంబరు చూసి, నాన్నగారి ఫోనులోంచి కట్టించేయండి.