విత్తన కంపెనీల విలీనాలు – పోటీ నియంత్రణ సంస్థల పరిశీలన విధానం

వ్యవసాయ ఉత్పాదకాల రంగంలో 2016–2018 మధ్య మూడు భారీ కలయికలు జరిగాయి. అమెరికాకు చెందిన డౌ, డ్యూపాంట్ కంపెనీలు విలీనమయ్యాయి. స్విట్జర్లాండ్‌లోని సింజెంటాను చైనా ప్రభుత్వ రంగ సంస్థ కెమ్‌చైనా కొనుగోలు చేసింది. మోన్‌శాంటోను సుమారు 6,600 కోట్ల డాలర్లకు కొనేందుకు జర్మనీకి చెందిన బేయర్ 2016 సెప్టెంబరులో ఒప్పందం కుదుర్చుకుంది. అయితే ఒప్పందంపై సంతకాలు చేసినంత మాత్రాన ఇటువంటి కొనుగోలు పూర్తి కాదు. ఆ కంపెనీలు వ్యాపారం చేసే ప్రధాన దేశాల పోటీ నియంత్రణ సంస్థలు ముందుగా అనుమతించాలి. బేయర్ కొనుగోలు 2018 జూన్ 7న గాని పూర్తి కాలేదు. ఈ మధ్యకాలంలో నియంత్రణ సంస్థలు ఏమి పరిశీలించాయన్నది విత్తన వ్యవస్థను అధ్యయనం చేసేవారికి ఉపయోగకరమైన పాఠం.

మన దేశంలో ఈ బాధ్యత సీసీఐగా పిలిచే కాంపిటీషన్ కమిషన్‌ది. 2002 నాటి పోటీ చట్టంలోని 5, 6 సెక్షన్లు విలీనాలకు సంబంధించినవి. ఇవి 2011 జూన్ 1 నుండి అమలులోకి వచ్చాయి. ఆస్తులు లేదా టర్నోవర్ నిర్ణీత పరిమితిని దాటిన కంపెనీలు కమిషన్‌కు ముందుగా తెలియజేయాలి. చిన్న టర్నోవర్ గల సంస్థను భారీ మొత్తానికి కొన్నప్పుడు ఈ నిబంధన వర్తించకుండా పోయే అవకాశం ఉండేది. అందువల్ల 2024 సెప్టెంబరు నుండి ఒప్పందం విలువ రూ. 2,000 కోట్లు దాటి, కొనబడే సంస్థకు భారతదేశంలో చెప్పుకోదగ్గ కార్యకలాపాలు ఉన్నా నోటీసు తప్పనిసరి చేశారు. కమిషన్ 30 రోజులలో ప్రాథమిక అభిప్రాయానికి రావాలి. అనుమానం కలిగితే సంజాయిషీ కోరుతుంది, వివరాలు ప్రకటించి ప్రజల అభిప్రాయాలు స్వీకరిస్తుంది. మొత్తం ప్రక్రియకు గతంలో 210 రోజుల గడువు ఉండగా ఇప్పుడు దానిని 150 రోజులకు తగ్గించారు.

కంపెనీ ఎంత పెద్దది అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. విలీనం వలన ఏ మార్కెట్‌లో ఎవరికి ఏ ప్రత్యామ్నాయం లేకుండా పోతుంది అన్నదే ప్రశ్న. అందుచేత పరిశీలన మార్కెట్ నిర్వచనంతో మొదలవుతుంది. ధర 5 నుండి 10 శాతం పెరిగితే కొనుగోలుదారు మరొక వస్తువు వైపు మళ్ళగలడా? మళ్ళగలిగితే ఆ రెండూ ఒకే మార్కెట్‌లో ఉన్నట్లు. ఈ లెక్కన పత్తి విత్తనం, మొక్కజొన్న విత్తనం వేర్వేరు మార్కెట్లు. అన్ని మొక్కలనూ చంపే కలుపు మందులైన గ్లైఫోసేట్, గ్లుఫోసినేట్ మాత్రం పరస్పరం పోటీపడతాయి. అప్పట్లో వీటిలో మొదటిది మోన్‌శాంటో ప్రధాన ఉత్పత్తి, రెండవది బేయర్‌ది.

విత్తన రంగంలో ఈ నిర్వచనం అంత సులువు కాదు. పత్తి సాగుచేసే ఏ మండల కేంద్రంలోనైనా విత్తన దుకాణంలో పదుల కొద్దీ కంపెనీల ప్యాకెట్లు కనిపిస్తాయి. వాటిని మాత్రమే లెక్కిస్తే పోటీ పుష్కలంగా ఉన్నట్లే. కాని ఆ ప్యాకెట్లలో అత్యధిక భాగంలోని బీటీ జన్యు లక్షణానికి లైసెన్స్ ఇచ్చినది ఒకే సంస్థ, మహికో మోన్‌శాంటో బయోటెక్. అనగా కింది అంచెలో పోటీ ఉన్నా, పై అంచెలో దాదాపు లేదు. రెండు అంచెలను విడివిడిగా చూడని పరిశీలన అసంపూర్ణమే అవుతుంది.

మార్కెట్ నిర్ణయమైన తరువాత కేంద్రీకరణను కొలుస్తారు. హెర్ఫిండాల్–హిర్ష్‌మన్ సూచిక ప్రకారం కంపెనీల మార్కెట్ వాటాల వర్గాలను కూడుతారు. ఒక ఊహాత్మక మార్కెట్‌లో 20 శాతం వాటా గల ఐదు కంపెనీలుంటే సూచిక 2,000. అందులో రెండు కలిస్తే అది 2,800కు చేరుతుంది. సూచిక 1,800 దాటి, పెరుగుదల 100కు మించితే విలీనం పోటీకి హానికరమని 2023 నాటి అమెరికా మార్గదర్శకాలు ప్రాథమికంగా భావిస్తాయి. అయితే సంఖ్య అనుమానానికి ఆధారమే గాని తీర్పు కాదు. కొత్త సంస్థల ప్రవేశానికి గల అడ్డంకులు, పరిశోధనలో పోటీ వంటివి కూడా చూస్తారు. బేయర్ కేసులో యూరోపియన్ కమిషన్ 2,000కు పైగా ఉత్పత్తుల మార్కెట్లను, 27 లక్షల అంతర్గత పత్రాలను పరిశీలించింది. తమ పోటీదారులు ఎవరన్నది కంపెనీలు న్యాయవాదుల చేత చెప్పించే మాట కన్న తమలో తాము రాసుకున్న పత్రాలలోనే స్పష్టంగా ఉంటుంది.

ఇటువంటి కేసులలో తిరస్కరణ అరుదు, షరతులతో కూడిన అనుమతి సాధారణం. బేయర్ సుమారు 900 కోట్ల డాలర్ల విలువైన వ్యాపారాలను వదులుకోవాలని అమెరికా న్యాయశాఖ కోరింది. వాటిలో అత్యధిక భాగం బీఏఎస్ఎఫ్ చేతికి వెళ్ళింది. సీసీఐ 2018లో గ్లుఫోసినేట్, కూరగాయ విత్తనాలు, పత్తి తదితర పంటల విత్తన–జన్యు లక్షణాల వ్యాపారాలతో పాటు మహికోలో మోన్‌శాంటోకు ఉన్న 26 శాతం వాటాను కూడా విక్రయించాలన్నది. ఇవి నిర్మాణాత్మక షరతులు. వీటికి తోడు ప్రవర్తనా షరతులు కూడా ఉన్నాయి. జన్యు లక్షణాలకు న్యాయమైన, వివక్షలేని పద్ధతిలో లైసెన్స్ ఇవ్వాలి. పోటీదారులను బయటకు నెట్టే విధంగా విత్తనాన్ని, మందును జతకట్టి అమ్మరాదు. భారతదేశ వ్యవసాయ–వాతావరణ సమాచారాన్ని ప్రజాప్రయోజనం కోసం ప్రభుత్వానికి, దాని సంస్థలకు ఉచితంగా అందుబాటులో ఉంచాలి. ఈ చివరి షరతు గురించి విస్తరణ రంగంలో చర్చ తక్కువే జరిగింది.

విలీనానికి ముందే ఇంత జాగ్రత్త ఎందుకన్నది తెలుగు నేల అనుభవమే చెబుతుంది. బీటీ పత్తి రాయల్టీ అధికమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో అప్పటి గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. ప్యాకెట్ ధరను రూ. 750గా తానే నిర్ణయించింది. కేంద్రం 2015 డిసెంబరులో పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. లైసెన్స్ షరతులపై 2016లో సీసీఐ దర్యాప్తునకు ఆదేశించగా, పేటెంట్ లైసెన్సుల విషయంలో పేటెంట్ చట్టమే వర్తిస్తుందని ఢిల్లీ హైకోర్టు 2023లో తీర్పు చెప్పి ఆ దర్యాప్తును నిలిపివేసింది. ఆధిపత్యం స్థిరపడిన తరువాత సరిదిద్దడం ఎంత కష్టమో దీనినిబట్టి గ్రహించవచ్చు. కంపెనీకి అనుమతి అవసరమైన సమయంలోనే నియంత్రణ సంస్థకు పట్టు ఎక్కువ.

ఆ సమయంలో కావలసిన ఆధారాలు క్షేత్రస్థాయిలోనే లభిస్తాయి. ఒక హైబ్రిడ్ దొరకనప్పుడు రైతు దేనిని ఎంచుకుంటాడు, డీలరు అరువు ఏ కంపెనీ సరుకుతో ముడిపడి ఉంది, ప్రభుత్వ రకాలు ఏ మేరకు ప్రత్యామ్నాయం కాగలవు అన్న వివరాలు విస్తరణ శాస్త్రవేత్తలకు తెలిసినంతగా ఢిల్లీలోని కార్యాలయాలకు తెలియవు. ప్రజాభిప్రాయం కోరిన నిర్ణీత గడువులో వాటిని కమిషన్‌కు లిఖితపూర్వకంగా సమర్పించవచ్చు. ప్రవర్తనా షరతులకు కాలపరిమితి ఉంటుందన్నది కూడా గమనించాలి. బేయర్ విషయంలో అది 7 సంవత్సరాలు. కొనుగోలు పూర్తయిన నాటి నుండి లెక్కిస్తే అది 2025 జూన్‌తో ముగిసింది.