కచ్చతీవు వెనక్కి వస్తే జాలర్ల అరెస్టులు ఆగుతాయా? అసలు చిక్కు ఎక్కడుందంటే..

తమిళనాడులో ఎన్నికలు వస్తే చాలు.. ఓ చిన్న దీవి పేరు మార్మోగిపోతుంది. అదే కచ్చతీవు. 2024 లోక్‌సభ ఎన్నికల ముందు ప్రధాని మోదీ దీని గురించే మాట్లాడారు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు అసెంబ్లీ దీన్ని వెనక్కి తేవాలని తీర్మానం చేసింది. దీవి మన చేతికొస్తే శ్రీలంక నేవీ మన జాలర్లను పట్టుకోవడం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. మరి నిజంగా ఆగుతుందా?

ఈ దీవి ఎక్కడుంది?

రామేశ్వరానికి ఈశాన్యంగా, భారత తీరం నుంచి సుమారు 33 కిలోమీటర్ల దూరంలో పాక్ జలసంధిలో ఉంది. ఈ పాక్‌కి, పాకిస్థాన్‌కి ఏ సంబంధమూ లేదు. మద్రాస్ గవర్నర్‌గా పనిచేసిన రాబర్ట్ పాక్ పేరు అది. దీవి మొత్తం 285 ఎకరాలే. పొడవు 1.6 కిలోమీటర్లు. తాగడానికి మంచినీళ్లు లేవు, అందుకే అక్కడ ఎవరూ కాపురం ఉండరు. ఉన్నదల్లా సెయింట్ ఆంథోనీ చర్చి. ఏటా జరిగే ఉత్సవానికి రెండు దేశాల భక్తులూ పడవల్లో వస్తారు.

మరి శ్రీలంకకు ఎలా వెళ్లింది?

ఒకప్పుడు ఈ దీవి రామనాథపురం జమీందారీ కింద ఉండేదన్నది మనవైపు వాదన. సిలోన్ మాత్రం మాదే అంది. 1921 నాటి చర్చల్లోనూ ఈ పేచీ ఉంది. చివరికి 1974 జూన్‌లో ఇందిరా గాంధీ, సిరిమావో బండారనాయకే ఒప్పందం చేసుకున్నారు. సముద్రంలో సరిహద్దు గీత గీశారు. ఆ గీత కచ్చతీవుకు పడమరగా మైలు దూరంలో పడింది. దాంతో దీవి శ్రీలంక వైపు ఉండిపోయింది.

అయితే మన జాలర్లు, భక్తులు వీసా లేకుండానే అక్కడికి వెళ్లొచ్చని అదే ఒప్పందంలో రాసుకున్నారు. అసలు మలుపు 1976లో వచ్చింది. ఒక దేశం బోట్లు ఇంకో దేశం జలాల్లో చేపలు పట్టకూడదని రెండు ప్రభుత్వాలూ లేఖలు ఇచ్చిపుచ్చుకున్నాయి. అంటే దీవికి వెళ్లొచ్చు కానీ ఆ చుట్టుపక్కల వల వేయకూడదు! అప్పటికి దేశంలో ఎమర్జెన్సీ. తమిళనాడులో డీఎంకే ప్రభుత్వాన్ని రద్దు చేసి రాష్ట్రపతి పాలన పెట్టారు. అదే ఏడాది కన్యాకుమారికి దక్షిణాన ఉన్న వెడ్జ్ బ్యాంక్‌పై హక్కులు భారత్‌కు దక్కాయి. అది చేపలు బాగా దొరికే ప్రాంతం.

వెనక్కి తీసుకోవచ్చా?

దేశ భూభాగాన్ని వేరే దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ తప్పనిసరని 1960లో బేరుబారి వ్యవహారంలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట పట్టుకునే జయలలిత 2008లో కోర్టుకెక్కారు. కేంద్రం జవాబు వేరు. అది వివాదంలో ఉన్న దీవి, మనది ఇచ్చేసిందేమీ లేదు అన్నది ఆ వాదన. 2014లో అప్పటి అటార్నీ జనరల్ ముకుల్ రోహత్గీ ఇంకో అడుగు ముందుకేశారు. ఇప్పుడు తిరిగి కావాలంటే యుద్ధం చేయాల్సిందేనని సుప్రీంకోర్టులో చెప్పేశారు.

అసలు చిక్కు ఇక్కడే

ఒక్కసారి మ్యాప్ చూడండి. కచ్చతీవు దాటాక ఇంకో 24 కిలోమీటర్లు వెళ్తే నెడుంతీవు వస్తుంది. అక్కడ జనం ఉంటారు. మన బోట్లు తరచూ పట్టుబడేది ఆ నెడుంతీవు దగ్గర, జాఫ్నా తీరం వైపే. ఒకవేళ కచ్చతీవు మనకు వచ్చినా గీత కొంచెం తూర్పుకు జరుగుతుందంతే. నెడుంతీవు నీళ్లు శ్రీలంకవే.

మరి అంత దూరం ఎందుకెళ్తున్నారు? మనవైపు పాక్ జలసంధి ఇరుకు, లోతు తక్కువ. ఏళ్ల తరబడి ట్రాలర్లు సముద్రం అడుగును గీకేయడంతో చేపలు తగ్గిపోయాయి. అంతర్యుద్ధం నడిచిన కాలంలో ఉత్తర శ్రీలంక జాలర్లపై ఆంక్షలుండేవి. దాంతో మన ట్రాలర్లు అటు వెళ్లడం అలవాటైంది. 2009లో యుద్ధం ముగిసింది, వాళ్లు మళ్లీ వేటకు దిగారు. ఇప్పుడు తమ వలలు తెగిపోతున్నాయని, చేపలు మిగలడం లేదని గొడవ పెడుతున్నది వాళ్లే. వాళ్లూ తమిళులే! అడుగు గీకే ఈ ట్రాలింగ్‌ను శ్రీలంక 2017లో నిషేధించింది.

20 ఏళ్లలో 6,184 మంది భారత జాలర్లను శ్రీలంక పట్టుకుందని, 1,175 బోట్లను స్వాధీనం చేసుకుందని 2024లో విదేశాంగ మంత్రి జైశంకర్ చెప్పారు. మనిషి కొన్ని వారాలకో నెలలకో ఇంటికి వస్తాడు. బోటు రాకపోతే దాని మీద తెచ్చిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది. ఈ బాధ తెలుగువాళ్లకూ కొత్తేం కాదు. గుజరాత్ బోట్లపై పనికెళ్లి, 2018లో పాకిస్థాన్‌కు చిక్కిన ఉత్తరాంధ్ర జాలర్లు 2020లో గానీ బయటపడలేదు. 'తండేల్' సినిమాకు ఆధారం ఆ ఘటనే.

దారేంటి?

ట్రాలర్లను వదిలి లోతు సముద్రంలో ట్యూనా పట్టే బోట్లకు మారాలని 2017లో ఓ పథకం తెచ్చారు. 2,000 ట్రాలర్లను మార్చాలన్నది టార్గెట్. కానీ అనుకున్నంత స్పందన రాలేదు. ఆ బోట్లు ఖరీదు, వేట పద్ధతి వేరు, రోజుల తరబడి సముద్రంలోనే ఉండాలి. రాత్రి వెళ్లి పొద్దున్నే తిరిగొచ్చే జాలరికి అంత తేలిక కాదు.

అందుకే దీవి గురించి ఎన్ని తీర్మానాలు చేసినా, ట్రాలర్‌కు బదులు ఏం ఇస్తారన్నది తేలేదాకా రామేశ్వరం బోట్లు గీత దాటుతూనే ఉంటాయి.